మేడలో ఎండిన దోనె

ఏలూరులో బొమ్మల మేడ చూడనివాళ్ళు మా వైపు తక్కువ. ఇంటికి చుట్టాలొస్తే రెండో రోజు పొద్దున్నే ఎవరో ఒకరు అడుగుతారు, "మేడ చూపించారా?" అని. నాకు ఆ మేడ పేరెత్తితే ఒళ్ళు మంట. ఎందుకో మా ఇంట్లోవాళ్ళకి కూడా పూర్తిగా తెలీదు. చెప్పడం మొదలుపెట్టినప్పుడల్లా మధ్యలో ఒకరు లేచి వెళ్ళిపోతారు. కాగితం లేచి వెళ్ళిపోదు కదా. నాకు అక్షరాలొచ్చింది యాభై దాటాక. రాత గొప్పగా ఉండదు. ఉన్నది ఉన్నట్టు ఉంటుంది, అంతే.

మాది కొల్లేటి మధ్య ఒక లంక. నేను కాపరానికి వచ్చేసరికి అత్తగారు లేరు. ఇంట్లో మావగారు, మా ఆయన, నేను. మా ఆయన ఆకివీడు వైపు ఎవరివో పెద్ద వలలకి కూలికి వెళ్ళి పక్షానికోసారి వచ్చేవాడు. మిగతా రోజులన్నీ ఇల్లు గడిచేది మావగారి రెక్కల మీద, ఆయన దోనె మీద.

దోనె అంటే చెక్కలు కూర్చి మేకులు కొట్టిన పడవ కాదు. తాటిదోనె. ఒకటే మాను. తాటిచెట్టు మొదలు బుడిపెలా ఉబ్బి ఉంటుంది చూడండి, అదే దోనెకి ముక్కు. మానుని నిలువునా కోసి లోపలి పీచంతా తొలిచేస్తే బయటి చేవ మిగులుతుంది. వెనక కొస తెరిచే ఉంటుంది. దాన్ని బంకమట్టితో మూసేస్తాం. మట్టి పెట్టడం, కరిగిపోతే మళ్ళీ పెట్టడం, రోజూ ఉండే పనే. మా మావగారి దోనె ఆయన తండ్రి కొట్టించింది. అంత లావు మాను మళ్ళీ చుట్టుపక్కల దొరకలేదని ఆయన అంటుండేవారు.

ఇంకొకటి కూడా చెప్పాలి. తాటిదోనెని ఎండనివ్వకూడదు. పని లేని రోజున దాన్ని ఇంటి ముందు నీళ్ళలో ముంచేస్తాం. లోపల నాలుగు రాళ్ళు వేసి అడుక్కి దించేస్తాం. కొత్తగా చూసినవాళ్ళు దోనె మునిగిపోయిందని కంగారుపడతారు. మాకు మునిగిన దోనె అంటే క్షేమంగా ఉన్న దోనె. ఎండలో పది రోజులు పడి ఉంటే పీచు విడిపోతుంది, చేవ బిగుసుకుపోతుంది, ఒకరోజు నిలువునా పగులుతుంది. పగిలిన తాటిదోనెకి వైద్యం లేదు.

ఇక దివాణం. మా వైపు ముసలివాళ్ళు రాజావారి మేడని ఇప్పటికీ దివాణం అనే అంటారు. రాజావారు బతికున్న రోజుల్లో ప్రతి శీతాకాలం కొల్లేటికి బాతుల వేటకి వచ్చేవారు. వస్తున్నారని కబురు అందితే లంకలో ఉన్న దోనెలన్నీ కడిగి వరసగా కట్టి ఉంచాలి. ఒకరు అడిగేది లేదు, ఒకరు ఇచ్చేది లేదు. దివాణం పని అంటే వెళ్ళడమే. వేట ఒక పూట అవ్వచ్చు, మూడు రోజులు అవ్వచ్చు. అయ్యాక దోనెలు ఎవరివి వాళ్ళకి తిరిగొచ్చేవి. ఎప్పుడిస్తారండీ అని అడగడం మర్యాద కాదు. అడిగినవాడు లేడు. తిరిగిరాని దోనే లేదు.

రాజావారు పోయారు. కొడుకులు మద్రాసు చేరారు. మేడని ఊరికి ఇచ్చేశారని, అందులో బొమ్మలు పెట్టి, తోటని పార్కు చేస్తున్నారని విన్నాం. గాంధీగారి ఉప్పు గొడవలు సద్దుమణిగాక రెండో ఏడో మూడో ఏడో, ఫాల్గుణంలో ఒకరోజు అక్కడి గుమాస్తా ఒకాయన మా లంకకి వచ్చాడు. కోటు వేసుకుని, బురద అంటకుండా పంచె మోకాళ్ళ దాకా ఎత్తి పట్టుకుని, దోనెలన్నీ చూసుకుంటూ వచ్చి మా వాకిట్లో ఆగాడు.

"మన ప్రాంతంలో వస్తువులన్నీ మేడలో పెడుతున్నామండీ. కొల్లేటి గుర్తుగా ఒక దోనె ఉండాలి. పాతది కావాలి. మీది బాగుంది" అన్నాడు.

మావగారు చేతులు కట్టుకుని, "దివాణానికాండీ?" అన్నారు.

"ఆ, దివాణం మేడకే."

ఆయన దోనె వైపు చూశారు. "పక్కింటివాళ్ళది చిన్నదుందండీ. తేలిగ్గా ఉంటుంది, మోయడానికి" అన్నారు.

అప్పుడు నేను తలుపు చాటునుంచి నోరు విప్పాను. నా వయసు అప్పటికి పదిహేడు. "మేడ లోపలికి మమ్మల్ని కూడా రానిస్తారాండీ?" అన్నాను.

"ఎందుకు రానివ్వరమ్మా? ఇప్పుడది అందరిదీ. దోనె ఇచ్చినవాళ్ళని ఆపేదెవరు? కుటుంబంతో రండి."

ఏలూరు సంతకి ఎండుచేపల తట్ట నెత్తిన పెట్టుకుని వెళ్ళినప్పుడల్లా ఆ మేడ గేటు ముందునుంచే వెళ్ళేదాన్ని. ఇనప ఊచల సందులోంచి ఎర్రమట్టి దారి, చివర్న తెల్లటి స్తంభాలు కనపడేవి. లోపల ఏముందో చూడాలని పిచ్చి ఉండేది నాకు. "ఇచ్చేద్దాం మావయ్యా. ఇదివరకు ఎన్నిసార్లు ఇవ్వలేదు?" అన్నాను.

గుమాస్తా జేబులోంచి కాగితం తీశాడు. మావగారు వేలిముద్ర వేశారు. అందులో ఏం రాసుందో ఆయన అడగలేదు. ఎన్నాళ్ళకని కూడా అడగలేదు. దివాణం పని కదా.

దోనె వెళ్ళిపోయాక ఇంటి ముందు నీళ్ళు ఖాళీగా ఉన్నాయి. పదిహేను రోజులయ్యింది, నెల అయ్యింది. మావగారు పక్కింటి దోనెలో రెండో మనిషిగా వెళ్ళేవారు. గెడ వేసి దోనె తోసేది వాళ్ళు, ఈయన ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చునేవారు. ఉగాది వెళ్ళాక ఒకరోజు, "వేట ఇంత పొడుగు సాగదమ్మాయ్. వెళ్ళి చూసొద్దాం" అన్నారు.

పక్కింటి దోనెలో గట్టు చేరి, అక్కణ్ణుంచి ఏలూరు నడిచాం. నేను సంతలో తట్ట ఖాళీ చేసుకుని వచ్చేసరికి ఆయన మేడ గేటు దగ్గర నిలబడి ఉన్నారు. గేటు తీసే ఉంది. అయినా ఆయన లోపలికి వెళ్ళలేదు.

గుమ్మం దగ్గర జవాను ఉన్నాడు. తెల్ల మీసాలు, ఇత్తడి బిళ్ళ. నా చేతిలో తట్ట చూసి ముక్కు చిట్లించాడు.

"ఆ తట్ట ఎక్కడికమ్మా? లోపల రాజులు ముక్కు మూసుకుంటారు."

"వాళ్ళు మా చేపలు తిన్నవాళ్ళే కదండీ బాబూ" అన్నారు మావగారు.

జవాను ఆయన మొహంలోకి పరకాయించి చూశాడు. "నువ్వు వేటకి దోనె తోలినవాడివి కాదుటయ్యా? నేను తుపాకుల పెట్టె మోసేవాణ్ణి. ఓసారి నన్ను నీళ్ళలో పడేశావు."

"మీరే పడ్డారండీ. పెట్టె మటుకు తడవలేదు, జ్ఞాపకం ఉంది."

ఇద్దరూ కాస్త నవ్వుకున్నారు. తట్ట క్రోటను మొక్కల వెనక దాచి లోపలికి వెళ్ళాం.

అబద్ధమెందుకు, నాకు మేడ నచ్చింది. కాలి కింద రాయి ఎంత చల్లగా ఉందంటే, చైత్రమాసం ఎండలో నడిచొచ్చిన పాదాలు అక్కడే పాతుకుపోవాలనిపించింది. గోడల నిండా పటాలు. తలపాగాల రాజులు, వాళ్ళ పక్కన దిగులుగా కూర్చున్న రాణులు. నేల దాకా దిగిన అద్దం ఒకటుంది. నన్ను నేను నిలువునా చూసుకోవడం అదే మొదలు. ఇంత పొట్టిగా ఉంటానని నాకు అప్పుడే తెలిసింది. ఒక గోడకి వేట పటం ఉంది. కొల్లేరు, ఎగిరే బాతులు, దోనెలో తుపాకీ ఎక్కుపెట్టిన రాజావారు, వెనక గెడ పట్టుకుని దోనెవాడు. మావగారు దాని ముందు ఆగి, "వీడు ఇలా నిలబడితే రాజుగారు ఈపాటికి నీళ్ళలో ఉంటారు" అన్నారు. జవాను కూడా దగ్గరికొచ్చి చూసి, "బొమ్మ వేసినాయన దొర. దోనె ఎక్కడానికి భయపడి గట్టు మీదే కూర్చున్నాడు" అన్నాడు.

మా దోనె ఆ పక్క హాల్లో ఉంది. రెండు చెక్కదిమ్మల మీద ఎత్తి పెట్టారు, చుట్టూ ఎర్రతాడు కట్టారు. మట్టంతా గీకేశారు, మురికనుకుని. నూనె పట్టించి తుడిచారు. నల్లగా మెరుస్తోంది. ఊరినుంచి వచ్చినవాళ్ళెవరో ముచ్చటపడుతున్నారు కూడా. మావగారు తాడు కిందనుంచి చెయ్యి పోనిచ్చి వేలి కణుపుతో దోనె మీద కొట్టారు. తడి దోనె మొద్దుగా పలుకుతుంది, నిండు కుండలాగ. ఇది టకటకమంది, తలుపు కొట్టినట్టు. ఆయన మళ్ళీ కొట్టలేదు.

"దీన్ని ఎప్పుడు పంపుతారండీ?" అని జవానుని అడిగారు. జీవితంలో దివాణాన్ని ఆ మాట అడగడం ఆయనకి అదే మొదలు.

"పంపడమేమిటయ్యా? ఇది ఇక్కడిదే కదా" అన్నాడు జవాను. మావగారి మొహం చూసి, గొంతు తగ్గించి, "సూపరింటెండుగారున్నారు. వెళ్ళి అడుగు" అన్నాడు.

సూపరింటెండుగారు కోపిష్టి కాదు. కోపిష్టి అయితే తిట్టుకునేదాన్ని, నాకు సులువుగా ఉండేది. ఆయన మావగారిని మీరు అన్నారు. కాగితం వెతికించి చదివి వినిపించారు. ఇష్టపూర్తిగా, శాశ్వతంగా సమర్పించుకుంటున్నాను అని ఉంది అందులో.

"మీరు ఇష్టంతోనే ఇచ్చారు కదండీ?"

"ఆయ్. ఇష్టంతోనే ఇచ్చానండీ. మళ్ళీ వస్తుందని ఇచ్చానండీ."

"అది ఇందులో లేదండీ."

"ఇందులో ఎందుకుంటుందండీ? ఎప్పుడూ రాసుకోలేదు కదండీ."

సూపరింటెండుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. జ్యేష్ఠంలో పెద్ద దొరగారు వచ్చి మేడని ప్రారంభిస్తారని, అప్పటిదాకా ఏ వస్తువూ కదపకూడదని, ఆ తర్వాత పైవాళ్ళకి రాసి చూస్తానని చెప్పారు. మావగారు లెక్కేసుకున్నారు. జ్యేష్ఠం వెళ్తే ఆషాఢం. ఆషాఢంలో వానలు పడతాయి, శ్రావణానికి ఏర్లు పొంగి కొల్లేరు నిండుతుంది. నిండే లోపల దోనె వచ్చేస్తే చాలు. అప్పటిదాకా అది పగలకుండా ఉండాలి. ఆ వేసవంతా మా ఇంట్లో ఉన్నది ఆ ఒక్క ఆశే.

"అయితే ఒక్క మాటండీ బాబూ" అన్నారు. "అది నీళ్ళు లేకపోతే ఆగదండీ. బయట పార్కులో తొట్టి ఉంది కదండీ, ఫౌంటెనుది. దాంట్లో ముంచి ఉంచండి. చూసేవాళ్ళు అక్కడే చూస్తారు."

సూపరింటెండుగారు నవ్వేశారు. ఎకసెక్కెం కాదు, నిజంగానే నవ్వొచ్చింది ఆయనకి. "మునిగిపోయిన దోనెని ఎవరు చూస్తారండీ?"

మావగారికి ఆ నవ్వు ఎందుకో అర్థం కాలేదు. నాకూ కాలేదు.

బయటికొస్తూ ఫౌంటెను దగ్గర ఆగాం. సిమెంటు కొంగల నోట్లోంచి నీళ్ళు చిమ్ముతున్నాయి. తొట్టి నిండా నీళ్ళు. హాల్లో దోనెకీ ఆ నీళ్ళకీ మధ్య నలభై అడుగులు ఉండవు. మావగారు చాలాసేపు చూస్తూ నిలబడ్డారు. తర్వాత జవాను దగ్గరికి వెళ్ళి ఏదో చెప్పారు. జవాను చేతులు తిప్పాడు, తల అడ్డంగా ఊపాడు, మీసం దువ్వుకున్నాడు. చివరికి, "పన్నెండు దాటాక రా. ఆ వేళప్పుడు ఈగ కూడా లోపలికి రాదు" అన్నాడు.

పై వారం సంతకి వెళ్ళినప్పుడు నా తట్టలో ఎండుచేపల అడుగున తడిగుడ్డలో చుట్టిన బంకమట్టి ఉంది. మా లంక రేవులోది. నున్నగా, వెన్నముద్దలా ఉంటుంది. మధ్యాహ్నం హాల్లో ఎవరూ లేరు. మావగారు ఎర్రతాడు దాటి వెళ్ళి, దోనె వెనక కొసకి మట్టి మెత్తారు. ఇంటి దగ్గర ఎలా మెత్తుతారో అలాగే, బొటనవేలితో అంచులు నొక్కుకుంటూ. నేను ఫౌంటెను తొట్టిలోంచి చెంబుతో నీళ్ళు తెచ్చి పోశాను. ముప్పై చెంబులో నలభై చెంబులో. నీళ్ళు పడగానే దోనెలోంచి వాసన లేచింది. నాచు వాసన, చేపల వాసన, మా ఇంటి వాసన. మావగారు పక్కన చతికిలబడి కూర్చున్నారు.

"మీవాడు తాగుతున్నాడయ్యా" అన్నాడు జవాను.

"దాహం మరి. రెండు నెలలాయె."

గంట అయ్యాక నీళ్ళు చెంబుతో తోడేసి, మట్టి తీసి మళ్ళీ గుడ్డలో చుట్టి, నేలంతా నా పాత చీరతో తుడిచాం. అలా మూడు వారాలో నాలుగు వారాలో చేశాం. ఆ గంటా మావగారూ జవానూ పాత వేటల కబుర్లు చెప్పుకునేవారు. ఎవరు ఎక్కడ జారిపడ్డారు, ఏ దొర బాతుని కొట్టబోయి ఏ కొంగని కొట్టాడు, అలాంటివి. నేను ఈలోగా పటాలు చూస్తూ తిరిగేదాన్ని. అద్దం ముందు కూడా నిలబడేదాన్ని. నలుగురికీ చెప్పుకునే మాట కాదు గానీ, ఆ మధ్యాహ్నాలు నేను సంతోషంగానే ఉన్నాను. నీళ్ళు పోస్తున్నాం కదా, దోనె వస్తుంది కదా అనుకున్నాను.

వైశాఖం చివర్లో మట్టి ఒకచోట పట్టు వదిలింది. మేం చూసుకోలేదు. నీళ్ళు సన్నగా కారి, పక్క గదిలో తివాచీ దాకా పాకాయి. మేం వెళ్ళిపోయాక సూపరింటెండుగారు చూశారు. పై వారం మేం వెళ్ళేసరికి జవాను గేటు దగ్గరే ఆపేశాడు.

"నన్ను పిలిచి అడిగారయ్యా. వానచినుకు లేదు, నీళ్ళెక్కడివని. ఏం చెప్పను? ఇంకోసారి అయితే బిళ్ళ ఇచ్చేసి పొమ్మన్నారు. నేను పుట్టింది ఈ మేడ వెనక గదుల్లో. గుమ్మంలో నిలబడటం తప్ప నాకు ఇంకే పనీ చేతకాదు."

మావగారు చేతిలో ఉన్న మట్టిగుడ్డ వైపు చూసుకున్నారు. "సరేలెండి బాబూ. మీ కూడు తీసే పని నేను చెయ్యను" అన్నారు.

"సాయంత్రం పూట తడిగోనె కప్పుతాలే. అది ఎవరూ చూడరు" అన్నాడు జవాను.

ఆ మట్టిని మావగారు పార్కు గట్టున ఒక పూలమొక్క మొదట్లో పెట్టి వచ్చారు.

తర్వాత మూడు వారాలు మేం వెళ్ళలేదు. రోహిణి కార్తె. కొల్లేటి అంచులు బీటలు వేశాయి. మా రేవులో నీళ్ళు వెనక్కి జరిగి, దోనెని ముంచే చోట బురద తేలింది. మావగారు ఇంటి నీడలో కూర్చుని వెదురు చీల్చి బుట్టలు అల్లేవారు. మధ్యమధ్యలో వేలి కణుపుతో నేల మీద కొట్టేవారు. ఆయనకి తెలియకుండానే కొట్టేవారనుకుంటాను. ఒకరోజు నేనే ఉండబట్టలేక, "గోనె కప్పుతున్నాడంటారా మావయ్యా?" అని అడిగాను.

"కప్పుతాడమ్మా. మంచివాడు."

"రోజూనా?"

ఆయన ఇంకో వెదురు బద్ద చీల్చడం మొదలుపెట్టారు.

గోనె కప్పాడట, నాలుగు రోజులు. అయిదో రోజు ప్రారంభానికని దోనెకి వార్నీషు వేయించారట. వార్నీషు మీద గోనె అంటుకుంటుందని వద్దన్నారట. వార్నీషు వేశాక ఇక అది బయటి తడి పీల్చదు. ఇవన్నీ తర్వాత జవాను చెప్పిన మాటలు.

జ్యేష్ఠంలో దొరగారు వచ్చి వెళ్ళాక మళ్ళీ వెళ్ళాం. పార్కులో కాగితం జెండాలు ఇంకా తీగలకి వేలాడుతున్నాయి. జవాను మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. తట్ట బయట పెట్టమని కూడా అనలేదు. నాకు అక్కడే తెలిసిపోయింది.

దోనె మెడలో వాడిపోయిన బంతిపూల దండ ఉంది. ముక్కు దగ్గరనుంచి వెనక దాకా నిలువునా పగులు. నా చిటికెన వేలు దూరింది దాంట్లో.

"మొన్న మధ్యాహ్నం" అన్నాడు జవాను. "ఒక్కటే చప్పుడు. తుపాకీ అనుకున్నాను. పరిగెత్తుకొచ్చి చూస్తే ఇదీ."

మావగారు తాడు దాటి వెళ్ళారు. ఎవరూ ఆపలేదు. పగులు వెంట అరచెయ్యి పెట్టి ముక్కునుంచి కొస దాకా నడిచారు, మళ్ళీ కొసనుంచి ముక్కు దాకా నడిచారు. గెడ వేసి వేసి కాయలు కాచిన చెయ్యి. ఆ గరుకుకి వార్నీషు మీద బరబరమని చప్పుడయ్యింది.

సూపరింటెండుగారు వచ్చారు. ఆయనకి బాధగానే ఉంది, చూస్తే తెలుస్తోంది. "పైవాళ్ళకి రాశానండీ. ఇలా అయింది కాబట్టి తీసేసినా అభ్యంతరం లేదన్నారు. కావాలంటే మీరు పట్టుకెళ్ళచ్చు" అన్నారు.

"ఎలా పట్టుకెళ్ళమంటారండీ?"

"ఎలా అంటే?"

"అది నీళ్ళ మీద వెళ్ళేదండీ."

సూపరింటెండుగారు "బండి కట్టిస్తాను" అన్నారు.

"బండి మీద తీసుకెళ్తే మా లంకవాళ్ళకి ఏం తెచ్చానని చెప్పనండీ?" అన్నారు మావగారు. అడిగినట్టే అడిగారు, జవాబు కోసం ఆగారు కూడా. ఆయన వంగి దిమ్మ కింద పడిన బంతిపూలు రెండు ఏరి దోనెలో వేసి, ఇవతలికి వచ్చేశారు. "ఉండనివ్వండి" అన్నారు.

తిరిగి వస్తుంటే దారి పొడుగునా నేను ఆయన వెనకే నడిచాను. ఇప్పుడంటారు, ఇప్పుడంటారు అని చూశాను. చూడాలని సరదా పడింది నేనే కదా. ఇచ్చేద్దామన్నది నేనే కదా. రెండు మాటలు తిట్టి ఉంటే ఏడ్చి ఊరుకునేదాన్ని. గట్టు దగ్గర పక్కింటి దోనె కోసం ఎదురుచూస్తూ కూర్చున్నప్పుడు ఆయన ఇటు తిరిగారు.

"మేడ మటుకు బాగుంది కదమ్మాయ్" అన్నారు.

అందులో ఎత్తిపొడుపు ఉందేమోనని వెతికాను. నలభై ఏళ్ళయింది, ఇంకా వెతుకుతూనే ఉన్నాను. నాకు దొరకలేదు. ఆయన నిజంగానే అడిగారనుకుంటాను.

ఆ భాద్రపదంలో కొల్లేరు మా వాకిలి దాకా వచ్చింది. లంకలో అందరూ ఎవరి దోనెల్లో వాళ్ళు బియ్యం, పిల్లల్ని, కోళ్ళని గట్టుకి చేరేశారు. మమ్మల్ని చివర్న తీసుకెళ్ళారు. తప్పు వాళ్ళది కాదు, ముందు ఎవరిది వాళ్ళు చూసుకుంటారు. మేమిద్దరం గుడిసె అరుగు మీద మోకాలి లోతు నీళ్ళలో రెండు పూటలు నిలబడ్డాం. మావగారు గెడని నీళ్ళలో గుచ్చి పట్టుకుని నిలబడ్డారు, దోనె ఉన్నట్టే. నీళ్ళు తీశాక ఆయన మళ్ళీ గెడ ముట్టలేదు. అది చూరు కింద అలాగే ఉండేది. తర్వాత్తర్వాత నేను దాన్ని రెండు గుంజల మధ్య కట్టి బట్టలు ఆరేసుకున్నాను. ఆయన ఆ బట్టల కిందనుంచి వంగి వెళ్ళేవారు. రెండేళ్ళకి జ్వరం వచ్చి పోయారు.

మా ఆయనా నేనూ లంక వదిలేసి తాడేపల్లిగూడెం వచ్చేశాం. బజార్లో బస్తాలు కుట్టే పని దొరికింది ఇద్దరికీ. చాలా ఏళ్ళకి, పెద్దవాళ్ళకి చదువు చెప్పే బడి మా వీధిలో పెడితే, మధ్యాహ్నం పూట వెళ్ళి అక్షరాలు నేర్చుకున్నాను. మా ఆయన నవ్వాడు, "ఇప్పుడు కలెక్టరువవుతావా?" అని. నాకు చదవాల్సింది ఒకటే ఉంది. ఎర్రతాడు దగ్గర చిన్న చెక్కమీద ఏదో రాసి ఉండేది అప్పట్లో. ఎన్నిసార్లు దాని పక్కనే నిలబడి నీళ్ళు పోశానో.

కంటి డాక్టరు కోసం ఏలూరు వెళ్ళినప్పుడు మేడకి వెళ్ళాను. జవాను లేడు, ఎప్పుడు పోయాడో ఎవరికీ తెలీదు. అద్దం మీద మచ్చలు పడ్డాయి. వేట పటం ఉంది, ఆ దోనెవాడు ఇంకా అలా తప్పుగానే నిలబడి ఉన్నాడు. దోనె కూడా అక్కడే ఉంది. చెక్క మార్చారు. దాని మీద అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కుని చదివాను.

"కొల్లేటి తాటిదోనె. పగిలినందువల్ల వాడకం మానివేసినది."

మళ్ళీ చదివాను. అదే ఉంది. అక్కడ కుర్చీలో కూర్చున్న ఉద్యోగిని పిలిచి, "ఇది తప్పండీ. ఇది పగలకముందు తెచ్చారు. ఇక్కడ పగిలింది" అన్నాను.

అతను లేచి వచ్చి దోనె చూశాడు, చెక్క చూశాడు, నన్ను చూశాడు. "అయితే ఏమిటండీ పెద్దమ్మగారూ? ఇప్పుడు పగిలే ఉంది కదా" అన్నాడు. వెటకారం లేదు. అతనికి నిజంగా తేడా తెలియలేదు.

వంగి దోనె లోపలికి చూశాను. దుమ్ము, పగులు, ఎవరో పడేసిన శనక్కాయ తొక్కలు. పక్కల వెంట బెత్తెడు ఎత్తున సన్నటి తెల్లగీత ఒకటి, ముక్కునుంచి కొస దాకా. నీళ్ళు నిలిచిన మరక. మేం పోసిన నీళ్ళు ఎంత దాకా వచ్చాయో అంత దాకా ఉంది.